పద్నాలుగు సీసాలు... ఒకే మనిషి

ఆమె పరిగెడుతోంది.

చేతిలో ఐస్ బాక్స్. అందులో పద్నాలుగు సీసాలు. మెట్టు దిగినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి.

వెనక బూట్ల చప్పుడు.

"ఆగండి మేడమ్."

ఆగదు.

మూడో అంతస్తు... రెండో అంతస్తు... మలుపులో కాలు జారింది. రెయిలింగ్ పట్టుకుంది. నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. పళ్లు బిగించింది.

"అది కంపెనీ బాక్స్. గేటు దాటితే దొంగతనం కేసు పెడతాను."

సేఫ్టీ ఆఫీసర్ గొంతు. రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెప్పే గొంతు. ఈ రోజు చెప్పలేదు.

గోడ గడియారం ఏడూ పది చూపిస్తోంది.

పది గంటలకి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఈలోపల ఈ సీసాలు సింకులో పోయాలంటాడు ఆఫీసర్.

ఆమె ఇన్‌స్పెక్టర్ కోసం పరిగెత్తడం లేదు. ఈ సీసాలు నింపిన మనిషి కోసం పరిగెడుతోంది.

ఆ మనిషి ఎవరో ఆమెకి తెలీదు. ఆ మనిషికి రోజూ కొంచెం కొంచెంగా ఎవరో విషం పెడుతున్నారని మాత్రం తెలుసు.

ఆ సంగతి ఆ మనిషికే తెలీదు!

*

అరగంట కిందట ఆమె ల్యాబ్‌లో ఒక్కతే ఉంది.

కంపెనీ చేసేది బోల్టులు. ఓడలకీ విమానాలకీ వెళ్లే బోల్టులు. వాటికి తుప్పు పట్టకుండా పైన వేసే పూత పేరు కాడ్మియం. వెండిలా తెల్లగా ఉంటుంది. చాకుతో కోస్తే తెగుతుంది, అంత మెత్తన. ఉప్పుగాలిని లెక్కచెయ్యదు. కొన్ని బ్యాటరీల్లో అదే. బొమ్మలు గీసేవాళ్ల పసుపు ట్యూబులో అదే. అణు రియాక్టరు అదుపు తప్పకుండా దించే కడ్డీల్లోనూ అదే. చెప్పిన పనల్లా చేసే లోహం.

ఒక్కటే బుద్ధి చెడ్డది. ఒంట్లోకి వచ్చిందంటే పోదు. కిడ్నీలో గూడు కట్టుకుంటుంది. ముప్పై ఏళ్లు ఖాళీ చెయ్యని అద్దెదారు. ముందు కిడ్నీని జల్లెడ చేస్తుంది. తర్వాత ఎముకల జోలికి వెళ్తుంది.

ఆమె భర్త ఒక రోజు దగ్గాడు. అంతే, దగ్గాడు. పక్కటెముక విరిగింది.

నిరుడు పోయాడు. పదిహేనేళ్లు ఆ పూత వేసే ప్లేటింగ్ షాపులో పనిచేసి పోయాడు.

షాపులో పద్నాలుగు మంది. ఆరు నెలలకోసారి అందరికీ మూత్ర పరీక్ష. తలా ఒక సీసా. పరీక్ష చేసేది ఆమే. కార్మికులు ఆమెకి పెట్టిన పేరు సీసాలక్క.

ఆరేళ్లుగా షీటు మీద పద్నాలుగు గీతలు వస్తున్నాయి. గీత వచ్చిందంటే మిషన్‌కి అందనంత తక్కువని అర్థం. నార్మల్. కింద ఆమె సంతకం.

"నీకేం లేదు, వచ్చే జన్మకి కూడా సరిపడా కిడ్నీలున్నాయి" అని భర్తని ఆటపట్టించేది. పది సార్లు అంది ఆ మాట. పదీ ఆమెకి గుర్తున్నాయి. నిద్రపట్టని రాత్రిళ్లు లెక్కపెడుతుంది.

ఈ రోజు మిషన్ గీత గీయలేదు.

అంకె వేసింది.

ఒకటో సీసా... ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు.

 ఐదు దాటితేనే మనిషిని పూత ట్యాంకు దగ్గర నుంచి తప్పించాలి.

రెండో సీసా... ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు.

మూడోదీ అంతే.

పద్నాలుగూ అంతే!

మిషన్ చెడిపోయిందనుకుంది. ఉప్పు చూసింది. ప్రొటీన్ చూసింది. రంగు, చిక్కదనం, అన్నీ చూసింది. పద్నాలుగింటిలోనూ ఒకే లెక్క. కవల పిల్లలకి కూడా అలా రాదు.

ఇది ఒకే మనిషిది.

ఇన్నేళ్లూ గీతలు వచ్చాయి కాబట్టి పోల్చి చూసే అవసరం పడలేదు. గీతకీ గీతకీ తేడా ఏముంటుంది?

లెక్క తేలింది. ఎవరో శుభ్రమైన మనిషి... ట్యాంకు దరిదాపులకి కూడా వెళ్లని మనిషి... ఆరేళ్లుగా పద్నాలుగు సీసాలూ నింపుతున్నారు. అంకె పెరిగినవాడిని ప్యాకింగ్‌కి తోస్తారు. ప్యాకింగ్‌కి వెళ్లినవాడు మూడు నెలల్లో ఇంటికి పోతాడు. అందుకని.

సరే. ఆ శుభ్రమైన మనిషిలోకి ఇప్పుడు ఇంత విషం ఎలా వచ్చింది?

ట్యాంకుకి దూరంగా ఉండే మనిషికి గాలి వల్ల ఇంత రాదు. తిండిలోనో, నీళ్లలోనో రావాలి. రోజూ రావాలి.

ఆఫీసర్ అప్పుడే తలుపు తోసుకుని వచ్చాడు. షీటు చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"గీతలు పెట్టి సంతకం చెయ్యండి. సీసాలు పారబోయండి."

"సార్, ఎవరినో చంపుతున్నారు."

"మీరు నవలలు ఎక్కువ చదువుతారు మేడమ్."

ఆయన చెయ్యి బాక్స్ మీద పడకముందే ఆమె చెయ్యి పడింది.

*

ప్లేటింగ్ షాపు తలుపు.

లోపలికి దూరింది. వెనక బూట్లు ఆగిపోయాయి.

ఆగుతాయని తెలుసు. మాస్కు లేకుండా ఆఫీసర్ షాపులో అడుగు పెట్టడు. ఆయన మాస్కు మూడో అంతస్తులో, అద్దాల బీరువాలో ఉంది. కార్మికుల మాస్కులు మేకుకి వేలాడుతున్నాయి. వాటి ఫిల్టర్లు రెండేళ్ల కిందటివి.

పసుపు దీపాలు. పొగలు కక్కే ట్యాంకులు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ గరగరమంటోంది.

ఈ చప్పుడు వింటే ఆమెకి ఇంకో చప్పుడు గుర్తొస్తుంది.

పెళ్లైన కొత్తలో భర్త వేలెడు కాడ్మియం కడ్డీ తెచ్చాడు. ఆమె చెవి దగ్గర పెట్టి మెల్లగా వంచాడు. సన్నగా కిర్రుమంది. "విన్నావా? వంచితే ఏడుస్తుంది" అన్నాడు. ఆమె నవ్వింది. ఇప్పుడు ఇంట్లో తలుపు కిర్రుమన్నా లేచి కూర్చుంటుంది.

లాకర్ల గదిలోకి వెళ్లి గడియ పెట్టింది.

పదమూడు తలలు ఆమె వైపు తిరిగాయి. షిఫ్ట్ ఎక్కే టైము. ఒకడు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒకడు ఒంటి కాలు మీద నిలబడి ప్యాంటు ఎక్కిస్తున్నాడు.

"అక్కా, ఇది మగాళ్ల గది."

"మీ సీసాలు పట్టుకునేదాన్ని. నా దగ్గర సిగ్గేంటి?"

ఎవరో నవ్వబోయారు. ఆమె మొహం చూసి ఆపేశారు.

బాక్స్ మూత తెరిచింది.

"ఎవరిది ఇది?"

ఒక సీసా తీసి పైకెత్తింది.

"ఫిర్యాదు చెయ్యను. పేరు చాలు. మీకోసం ఒంట్లో నీళ్లు ఇచ్చిన మనిషికి ఎవరో విషం పెడుతున్నారు. మీలో ఎవరికైనా ఉండేదానికంటే ఎక్కువుంది ఆ ఒంట్లో. ఇంకొన్నాళ్లు ఇలాగే తాగితే మిగలరు."

పదమూడు మంది నేల చూపులు చూశారు.

అందరూ రేడియో అని పిలిచేవాడు కూడా. వాడికి ఆ పేరు ఊరికే రాలేదు, నిద్రలో కూడా మాట్లాడతాడని వాడి భార్యే చెబుతుంది. వాడు నీళ్లు నమిలాడు.

"నిజంగా తెలీదక్కా."

"ఎవరు నింపుతారో కూడా తెలీదా?"

"ఆయమ్మ నింపుతుంది. మేము నంబరు అంటిస్తాం. ఎవరివని అడిగితే... ఏటి పుట్టుక అడక్కూడదు, తాగిపోవాలి అంటుంది. మేస్త్రీకి కూడా చెప్పలేదు."

ఆయమ్మ. మెడికల్ రూమ్‌లో ఆయా. గదులు ఊడ్చేదీ, సీసాలు తెచ్చి ల్యాబ్‌లో పెట్టేదీ ఆవిడే. ఈ రోజు తెల్లవారుజామునే సీసాలు పెట్టేసి, ఒంట్లో బాగోలేదని వెళ్లిపోయింది.

ఆమె బాక్స్ మూత మూసింది.

"మా ఆయన కూడా... అలాగే ఇచ్చాడా?"

రేడియో తల ఎత్తలేదు.

"నీకు చెప్పొద్దన్నాడక్కా. సంతకం నీది కదా... తెలిస్తే నీ ఉద్యోగం పోతుందన్నాడు."

లాకర్ల వరసలో తొమ్మిదో నంబరుకి ఇంకా ఆయన తాళమే ఉంది. ఆమె అటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"ఆయమ్మ ఇల్లెక్కడ?"

"కాలవ గట్టు వెనక, రేకుల గదుల్లో చివరిది. అక్కా... ఇంకో మాట. ఆ ఫ్యాన్ సంగతి కూడా..."

తలుపు దబదబా బాదారు.

రేడియో నోరు మూసుకుపోయింది.

"నేనే. తెరవండి."

మేస్త్రీ. ఆమె భర్తకి సొంత అన్న.

గడియ తీసింది. ఆయన లోపలికి వచ్చాడు. పద్నాలుగో మనిషి. ఒకటో నంబరు సీసా ఆయనదే.

"ఆఫీసర్ అక్కడ శివాలెత్తిపోతున్నాడు. ఏం చేశావమ్మా?"

చెప్పింది. ఆయన కళ్లార్పకుండా విన్నాడు. బాక్స్ వైపు చూశాడు. ఒక్క క్షణం ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"నువ్వు పది గంటలకి ఇక్కడ ఉండాలి కదా. తమ్ముడి చావు ఫైలు మళ్లీ తెరిపిస్తున్నది నువ్వే కదా."

"ఆలోపల వచ్చేస్తాను బావగారూ. ముందు ఆ మనిషి దొరకాలి."

"పద. వెనక గేటు నుంచి బండి మీద తీసుకెళ్తా."

*

బండి కాలవ గట్టు ఎక్కేలోపలే వెనక జీపు కనిపించింది.

ఆఫీసర్!

"గట్టిగా పట్టుకో అమ్మా."

ఎదురుగా లారీ రివర్స్ తీస్తోంది. క్లీనర్ చేతులు ఊపుతున్నాడు. మేస్త్రీ ఆపలేదు. లారీకీ గోడకీ మధ్య మూడడుగుల సందు... రెండున్నర... రెండు...

ఆమె కళ్లు మూసుకుంది. మోచెయ్యి గోడకి గీరుకుపోయింది.

అవతల పడ్డారు. వెనక లారీ అడ్డం తిరిగింది. జీపు హారన్ అదే పనిగా మోగి, దూరమై, ఆగిపోయింది.

జనం లేని మలుపు దగ్గర మేస్త్రీ బండి ఆపాడు. ఆమె దిగి గట్టు పక్కన వంగింది. కడుపులో ఏమీ లేదు. అయినా వాంతి.

"నిన్నటి నుంచి ఏమైనా తిన్నావా?"

తల అడ్డంగా ఊపింది.

ఆయన సంచిలోంచి స్టీలు బాటిల్ తీశాడు. "మీ అక్కయ్య ఇచ్చింది. తాగు."

నిమ్మరసం. ఐదారు నెలలుగా రోజూ ఇదే. భర్త పోయాక ఆమె వంట మానేసింది. ఏం తిన్నా కడుపులో తిప్పేది. నిమ్మరసం ఒక్కటే లోపలికి దిగేది. అది తెలిసి, తోటికోడలు పిండిస్తే రోజూ పొద్దున్నే బాటిల్ నింపి తెచ్చిస్తాడు ఈయన. సాయంత్రం ఖాళీ బాటిల్ పట్టుకెళ్తాడు. తమ్ముడు లేని ఇంటికి అన్న చేసే సేవ.

రెండు గుక్కలు తాగింది. పుల్లగా, చల్లగా దిగింది. ప్రాణం లేచొచ్చింది.

"ఇన్‌స్పెక్టర్‌కి ఏం చెబుతావు?" బండి ఎక్కుతుంటే అడిగాడు మేస్త్రీ.

"మీ తమ్ముడు జబ్బు చేసి పోలేదని. షాపు గాలి చంపిందని."

"గాలికేం? ఫ్యాన్ ఒక్క రోజు ఆగలేదు. లాగ్ బుక్కులో ప్రతి రోజూ నా సంతకం ఉంది."

ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు.

అప్పుడు ఆమె దాన్ని పట్టించుకోలేదు. బాటిల్ చేతిలోనే పట్టుకుని కూర్చుంది. బండి కదిలింది.

*

చివరి రేకుల గది.

"నువ్వు లోపలికెళ్లు. నేను జీపు వస్తుందేమో చూస్తా" అన్నాడు మేస్త్రీ.

లోపల ఒకే గది. మంచం, స్టవ్, మూలన బుల్లి ఫ్రిజ్. ఆయమ్మ మంచం మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"వస్తావని తెలుసు. ఇంత తొందరగా అనుకోలేదు."

"ఎవరిది ఆయమ్మా?"

"ఇప్పుడెందుకమ్మా? ఇన్నాళ్లూ లేనిది..."

"ఆ మనిషికి విషం పెడుతున్నారు."

ఆయమ్మ చెయ్యి నోటి దగ్గరకి వెళ్లింది. ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. కళ్ల కింద నలుపు, పొడుచుకొచ్చిన బుగ్గ ఎముకలు, అన్నీ ఇప్పుడే కనిపిస్తున్నట్టు చూసింది.

"కూర్చో."

"కూర్చునే టైము లేదు."

"కూర్చో తల్లీ."

కూర్చుంది.

"ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకి కూడా ఆరు నెలలకోసారి పరీక్ష కదా?"

"అవును. అయితే?"

"నీది నువ్వు చేసుకోకూడదు."

"కూడదు. రూలు. రోజంతా మూత్రం పట్టి, క్యాన్‌కి సీలేసి, సీలు మీద సంతకం పెట్టి బయట ల్యాబ్‌కి పంపాలి. రిపోర్టు హెడ్డాఫీసుకి..."

మాట మధ్యలో ఆగింది.

క్యాన్ రెండు లీటర్లు. ఒక్కొక్క సీసాకి వంద మిల్లీలీటర్లు. పద్నాలుగు సీసాలు.

"ఆ క్యాన్ తీసుకెళ్లేది నువ్వే కదా ఆయమ్మా."

"ఏ ల్యాబ్‌కీ తీసుకెళ్లలేదమ్మా. హెడ్డాఫీసు ఒక్కసారి కూడా అడగలేదు."

బయట ఎక్కడో కుళాయి కారుతోంది. ఒక్కొక్క చుక్క వినిపిస్తోంది.

"మొదట అడిగింది మీ ఆయనే. నాకు ప్యాకింగ్ రాసేస్తారు ఆయమ్మా, మా ఆవిడది పోసెయ్, కల్మషం లేని మనిషి అన్నాడు. తర్వాత ఇంకొకడు ఏడుస్తూ వచ్చాడు. తర్వాత అందరూ. నేను కాదనలేకపోయాను."

పది సార్లు.

పది సార్లు ఆమె తనని తానే పరీక్షించుకుంది. తన ఒంటిని చూసి, నీకేం లేదు అని ఆయనకి చెప్పింది. ఆయన నవ్వి, ట్యాంకు దగ్గరకి వెళ్లాడు.

ఆయన వైపు నుంచి ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుంది?

ఆలోచించకూడదు. ఇప్పుడు కాదు. ఇప్పుడు ఆలోచించాల్సింది ఒకటే.

ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు... తనది.

నడుములో మేకు. నోట్లో ఎప్పుడూ ఉండే ఇనుము రుచి. వాంతులు. ఇదంతా దుఃఖం అనుకుంది. మనిషి పోతే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని ఓర్చుకుంది.

ఆరు నెలల కిందట సున్నా. ఈ ఆరు నెలల్లో కొత్తగా తను తాగిందేమిటి?

చేతిలో స్టీలు బాటిల్ ఉంది.

మూత తీసి నిమ్మరసం గిన్నెలోకి వంచింది. కిటికీ వెలుతురులో లోపలికి చూసింది.

ఇచ్చిన మొదటి రోజు లోపల అద్దంలా మెరిసింది. పైకంటే లోపలే ఎక్కువ మెరుపు. ఇప్పుడు సగం మెరుపు లేదు. అడుగున మచ్చలు, బూడిద రంగు స్టీలు.

ఆ మెరుపు ఎక్కడికి పోయింది?

తన కడుపులోకి!

పులుపు తగిలితే కాడ్మియం పూత కరుగుతుంది. షాపులో చేరినవాడికి మొదటి రోజు చెప్పే మొదటి పాఠం. ఇంటి గిన్నె మెరుస్తుందని ముచ్చటపడి ట్యాంకులో ముంచొద్దు, తాగేదానికి, తినేదానికి ఈ పూత వెయ్యొద్దు. ఆ పాఠం చెప్పేది మేస్త్రీ.

"ఆయమ్మా... ఫ్యాన్ సంగతేంటి?"

"మోటారు కాలిపోయింది. మీ ఆయన పోయే ముందటేడు రెండు నెలల పాటు తిరగలేదు. ఊడ్చేదాన్ని, నాకు తెలీదా? పుస్తకంలో మాత్రం రోజూ తిరిగినట్టే..."

తలుపు కిర్రుమంది.

"చెప్పిందా?" అన్నాడు మేస్త్రీ.

*

"లేదు బావగారూ. ఆవిడకీ తెలీదట."

ఆయన ఆమెని చూడలేదు. ఒంపేసిన బాటిల్‌ని చూశాడు. గిన్నెలో నిమ్మరసాన్ని చూశాడు.

వెనక్కి చెయ్యి చాచి గడియ వేశాడు.

"ఎవరిది?"

దాచి లాభం లేదు.

"నాది."

"ఏ సీసా?"

"పద్నాలుగూ. ఆరేళ్లూ. మీరు నాకు పోసింది మీ నంబరు మీదే వచ్చింది బావగారూ."

మేస్త్రీ ఆయమ్మ వైపు తిరిగాడు. ఆయమ్మ తల దించుకుంది. ఆయన గోడకి ఆనుకున్నాడు. నవ్వో, దగ్గో... ఏదో వచ్చింది.

"దారిలో అనుమానం తగిలింది. ఛీ, కాదులే అనుకున్నా."

"మీ అక్కయ్య ఇచ్చింది అనేవారు. అక్కయ్యకి తెలుసా?"

"దానికేం తెలీదు. పిచ్చిది, రోజూ నిమ్మకాయలు పిండిస్తుంది. బాటిల్ మాత్రం నాది."

"మీ తమ్ముణ్ని చంపింది చాలక నన్నా?"

"నేను చంపలేదు." గొంతు పగిలింది. "మోటారు కాలిపోయింది. చెబితే షాపు మూసేస్తారు. కొత్తది వస్తుంది, వస్తుంది అన్నారు పైవాళ్లు. రెండు నెలలేగా అనుకున్నా. వాడు ఆ రెండు నెలలూ నా పక్కనే నిలబడి పనిచేశాడు. అన్నా, గొంతు మండుతోంది అన్నాడు. నీళ్లు తాగరా అన్నాను."

అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఇప్పుడు పడుకుంటే నా చెవుల్లో ఆ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు తిరగనిది ఇప్పుడు తిరుగుతోంది. నువ్వు ఆ ఫైలు మూసేసి ఊరుకుని ఉంటే... ఎన్నిసార్లు చెప్పాను, పోయినవాడు పోయాడు, వదిలెయ్యమ్మా అని."

"వదల్లేదు."

"అవును. నీదీ వాడి మొండితనమే."

ఆయన కళ్లు ఐస్ బాక్స్ మీద పడ్డాయి. మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. మేస్త్రీ బుర్ర మళ్లీ పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆమెకి కనిపిస్తోంది.

"కాగితం ఏమంటుంది? విషం మా పద్నాలుగు మంది ఒంట్లో ఉందంటుంది. నీ ఒంట్లో ఉందని ఏ కాగితం అంటుంది?"



ఆయమ్మ చూపు ఒక్క క్షణం ఫ్రిజ్ మీదకి వెళ్లి వచ్చింది.

మేస్త్రీ ఆ చూపు పట్టుకున్నాడు!

రెండంగల్లో ఫ్రిజ్ తెరిచాడు. కింది అరలో తెల్ల క్యాన్. పావు వంతు మిగిలి ఉంది. సీలు సగం చిరిగినా, ఆమె సంతకమూ తేదీ అలాగే ఉన్నాయి.

"వద్దు బాబూ..." ఆయమ్మ లేచింది. ఆయన మోచేత్తో తోశాడు. ఆవిడ మంచం మీద పడింది.

క్యాన్ మూత తీసి తూములో ఒంపేశాడు. కుళాయి తిప్పాడు. సీలు పీకి, నలిపి, స్టవ్ మంటలో పడేశాడు. తర్వాత ఐస్ బాక్స్. ఒక్కొక్క సీసా... ఒకటి, రెండు, మూడు... చేతులు వణకలేదు. పదిహేనేళ్లు ఆమె భర్తకి పని నేర్పిన చేతులు.

పద్నాలుగోది ఖాళీ అయింది.

"అయిపోయింది" అన్నాడు.

ఆమె అప్పటిదాకా కూర్చునే ఉంది. ఇప్పుడు లేచింది.

"బావగారూ, ఆరు నెలలకోసారి నేను చెప్పే క్లాసు మీరెప్పుడూ వినలేదు. వెనక బెంచీలో నిద్రపోయేవారు."

"ఏంటి?"

"మీరు పారబోసింది సీసాలు. అది ఉండేది సీసాల్లో కాదు. ఇక్కడ." నడుము మీద చెయ్యి వేసుకుంది. "ముప్పై ఏళ్లు పోదు. నేను బతికి ఉంటే ఏ రోజు అడిగితే ఆ రోజు సాక్ష్యం చెబుతుంది. చచ్చిపోతే కోసి చూస్తారు. అప్పుడూ చెబుతుంది."

కుళాయి కారుతూనే ఉంది.

మేస్త్రీ ఆమె నడుము మీదున్న చేతినే చూస్తున్నాడు.

"అయితే..." అన్నాడు. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "నువ్వు... దొరకనే కూడదు."

గడియకి అడ్డంగా పెట్టే ఇనుప కడ్డీ గోడకి ఆనించి ఉంది. అందుకున్నాడు.

వెనక కిటికీకి ఊచలు. తలుపు ఆయన వెనక ఉంది. ఆయమ్మ మంచం దిగి పాక్కుంటూ వచ్చి ఆమె కాళ్లకి అడ్డంగా కూర్చుంది. డెబ్భై ఏళ్ల ముసలిది.

"నన్ను దాటి వెళ్లు బాబూ."

"తప్పుకో ఆయమ్మా."

"నీ సీసా కూడా ఆరేళ్లు నేనే నింపాను. నన్ను దాటి వెళ్లు."

కడ్డీ పైకి లేచింది.

ఆమె ఆయమ్మ భుజం పట్టి పక్కకి లాగింది. కడ్డీ చప్పున దిగింది... మంచం కోడు విరిగింది. రెండోసారి లేచింది. ఆమె వీపు గోడకి తగిలింది. ఇక వెనక్కి పోవడానికి చోటు లేదు.

టక్... టక్... టక్.

తలుపు.

కడ్డీ గాలిలోనే ఆగింది.

"ఎవరది?" మేస్త్రీ గొంతు మామూలుగా ఉండటానికి ప్రయత్నించింది.

"మేమే మేస్త్రీ."

రేడియో గొంతు.

"మేమంటే?"

"అందరం. పదమూడు మందిమి."

"షిఫ్ట్ టైములో ఇక్కడేం పని? పోండి."

"ఈ రోజు షిఫ్ట్ లేదు. ట్యాంకులు ఆపేసి వచ్చాం. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. దారిలో అక్కని తీసుకెళ్దామని."

"అక్క ఇక్కడ లేదు."

"నీ బండి ఉంది. అక్క చెప్పులు ఉన్నాయి."

మేస్త్రీ పెదవి తడుపుకున్నాడు. ఊచల కిటికీ నుంచి ఆమెకి గట్టు కనిపిస్తోంది. గట్టు మీద వరసగా మనుషులు. యూనిఫాం చొక్కాలు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ప్రతివాడి చేతిలో ఏదో ఉంది. దాన్ని పక్షి పిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకున్నారు.

"ఆ చేతుల్లో ఏంటి?" మేస్త్రీ కూడా చూశాడు. గొంతులో మొదటిసారి భయం.

 రేడియో చెప్పాడు. ఎన్నడూ లేనంత నెమ్మదిగా చెప్పాడు.

"సీసాలు. ఈసారి మావే."

ఇనుప కడ్డీ కిందికి జారింది.

"తలుపు తియ్యి మేస్త్రీ. నీదొక్కటే తక్కువ."